దాచిన చీర, వెళ్లడానికొక లోకం

మొన్న సంక్రాంతికి చిలకలూరిపేట పక్కన మా అక్కవాళ్ల ఊరు వెళ్లాను. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నలుగురు ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఇంజనీరింగ్ చదువుతున్న అక్క మనవరాలు మాత్రం వేపచెట్టు కింద మంచం మీద పడుకుని ఫోన్‌లోంచి తలెత్తడం లేదు. “ఏం చదువుతున్నావే అంతలా?” అన్నాను. “జపాన్ నవల చిన్నమ్మమ్మా, ఇంగ్లీషులోకి వచ్చింది. ఒక అబ్బాయి, తొమ్మిదిమంది పెళ్లాలు” అంది నవ్వుతూ.

నాకు ఒళ్లు మండింది. నా మొహం చూసి పిల్ల ఇంకా నవ్వింది. “ఊరికే కోపం తెచ్చుకోకు. ఇందులో ఎవర్నీ ఎవరూ బలవంతం చెయ్యరు. ఆ అమ్మాయిలందరూ కూర్చుని మాట్లాడుకుని ఒప్పుకుంటారు. సరదాగా ఉంటుంది, చదివి చూడు” అంది.

చదివాను. పతోరా ఫుయుహారా అనే రచయిత రాసిన ‘ఇన్ అనదర్ వరల్డ్ విత్ మై స్మార్ట్‌ఫోన్’. 2013లో అంతర్జాలంలో మొదలై 2015 నుంచి పుస్తకాలుగా వస్తున్న సీరియల్ నవల. ఇప్పటికి పాతికకు పైగా సంపుటాలొచ్చాయి. జపాన్‌లో ఇటువంటివాటిని లైట్ నావెల్స్ అంటారు. మధ్యమధ్యలో బొమ్మలుండి, కుర్రకారు గబగబా చదువుకునేలా ఉంటాయి. ఒక మగపిల్లాడి చుట్టూ చాలామంది ఆడపిల్లలు చేరే రకానికి ‘హారెమ్’ అని పేరే పెట్టేశారు. ఈ నవలలో దేవుడి పొరపాటువల్ల పిడుగుపడి ఒక కుర్రాడు చనిపోతాడు. దేవుడు నొచ్చుకుని అతన్ని మంత్రతంత్రాలున్న మరో లోకంలో బతికిస్తాడు. అతను అడిగిన కోరిక ఒక్కటే, తన స్మార్ట్‌ఫోన్ అక్కడ కూడా పనిచేయాలని! ఇక అతనికి రాని విద్య లేదు, గెలవని యుద్ధం లేదు. ఊరూరా ఒక అమ్మాయి దొరుకుతుంది.

నాలుగు సంపుటాలు చదివేసరికి నాకు కోపం తగ్గి వేరే ఆలోచన మొదలయింది. ఈ కథ నాకు కొత్త కాదు. మా ఇంట్లో, మిరపకాయల ఘాటు మధ్య, తుమ్ముతూ విన్న కథే ఇది.

మాకు ఇద్దరు నాయనమ్మలు. పెద్ద నాయనమ్మకు ఇద్దరూ ఆడపిల్లలే పుట్టారని మా తాతయ్య 1938లో చిన్న నాయనమ్మను చేసుకున్నాడు. అప్పటికి అది నేరం కాదు. మద్రాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్లిని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1949లో. దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. భర్త మళ్లీ పెళ్లిచేసుకుంటే మొదటి భార్య విడిగా ఉండి మనోవర్తి అడగవచ్చని 1946లో ఒక చట్టం వచ్చింది కానీ, ఆ సంగతి పత్తిచేలో పనిచేసుకునే పెద్ద నాయనమ్మకు ఎవరు చెప్తారు? మాకు కూతవేటు దూరంలో బాపట్లలో కూర్చుని కనుపర్తి వరలక్ష్మమ్మగారు ‘గృహలక్ష్మి’ పత్రికలో కల్పలత అనే నెచ్చెలి పేరిట ‘శారద లేఖలు’ రాశారు. బాల్యవివాహాల గురించి, విడాకుల గురించి ఆడవాళ్లకు తెలియజెప్పారు. గుంటూరులో ఉన్నవ దంపతుల శారదా నికేతనం 1922 నుంచి ఆడపిల్లలకు చదువు చెబుతూనే ఉంది. అంత దగ్గరగా అంత జరుగుతున్నా మా ఊరి కల్లం దాకా ఆ గాలి రాలేదు.

చాలా ఏళ్లు వాళ్లిద్దరికీ మాటల్లేవట. నేను పుట్టేనాటికి మాత్రం ఒకరు లేకుండా ఒకరికి పొద్దుగడిచేది కాదు. అందుకు కారణాల్లో ఒకటి పుస్తకం. చిన్న నాయనమ్మ అయిదు దాకా చదువుకుంది. పెద్దావిడకు అక్షరం రాదు. తాలు ఏరేటప్పుడు చిన్నావిడ ‘కాశీమజిలీ కథలు’ చదివి వినిపించేది. కూలికొచ్చిన ఆడవాళ్లు కూడా చెవులప్పగించేవాళ్లు. మాది గ్రంథాలయోద్యమం బాగా నాటుకున్న ప్రాంతం. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లోనే వెలిసింది. పల్లెల్లో చిన్నచిన్న గదుల్లో నడిచే లైబ్రరీల్లో చిరిగిపోయేంతగా అరిగిన పుస్తకం ఏదంటే అదే.

మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) పన్నెండు భాగాలుగా రాసిన ఆ కథల పద్ధతి చాలామందికి తెలిసిందే. మణిసిద్ధుడనే యతి కాశీకి కాలినడకన బయల్దేరతాడు. తోడు వచ్చే గోపకుమారుడు ఒక షరతు పెడతాడు. మజిలీ మజిలీకి తాను చూసిన వింతకు కథ చెప్పాలి. అలా దారి సాగుతుంది, కథలు సాగుతాయి. కథల్లో రాకుమారులు కూడా ప్రయాణాలే చేస్తారు. ఒక్కో ఊళ్లో ఒక్కో సాహసం, సాహసం చివర ఒక రాకుమారి. చాలా కథల్లో నాయకుడు ఇల్లు చేరేసరికి పల్లకీలు ఒకటికి మించే ఉంటాయి. జపాన్ నవల చదువుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ పద్ధతే. వందేళ్ల తేడా ఉన్నా రెండిట్లోనూ లెక్క ఒకటే. కథ ఆగకూడదంటే దారి ఆగకూడదు, దారి సాగుతున్నంతసేపూ కొత్త ఆడపిల్ల ఎదురవుతూనే ఉండాలి. ఈ కథల్లో బహుభార్యత్వం కొంత మగవాడి కోరికే అయినా, కొంత సీరియల్ అవసరం కూడా. స్త్రీ ఇక్కడ మనిషి కాదు, మజిలీ. ఇది ఈ తరహా కథల మొదటి బలహీనత.

అయితే వీటికి బలమేమీ లేదా? ఉంది. అది నాకు తెలిసింది సినిమా వల్ల.

‘జగదేకవీరుని కథ’ 1961లో వచ్చింది. విజయా వారి సినిమా. కె.వి.రెడ్డి తీశారు, పింగళి నాగేంద్రరావు రాశారు, పెండ్యాల సంగీతం. అంతకుముందు 1944లో తమిళంలో పి.యు.చిన్నప్ప నటించిన ‘జగతలప్రతాపన్’ కథే ఇది. ఉదయగిరి రాజు కొడుకులను పిలిచి మీ కోరికలేమిటని అడుగుతాడు. ప్రతాపుడు నలుగురు దేవకన్యలను పెళ్లాడాలని ఉందంటాడు. తండ్రి ఇంట్లోంచి వెళ్లగొడతాడు. కొలనులో జలకాలాడుతున్న ఇంద్రుడి కూతురు జయంతిని ప్రతాపుడు చూస్తాడు, ఆమె శాపంతో శిల అవుతాడు, తల్లి ప్రార్థనతో మళ్లీ మనిషి అవుతాడు. ఈసారి ఆమె చీర ఎత్తుకుపోతాడు. చీర లేనిదే ఆమె తన లోకానికి పోలేదు, అందుకని పెళ్లి జరుగుతుంది. ఆ చీర అత్తగారి దగ్గర దాపుడు. తర్వాత నాగలోకం, వరుణలోకం, అగ్నిలోకం. మరో ముగ్గురు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడికి ఇద్దరు భార్యలుండటం నేరమని చట్టం చేసిన ఆరేళ్లకు, ఒకడికి నలుగురు భార్యలున్న కథను రాష్ట్రమంతా తండోపతండాలుగా చూసింది. చట్టం ఇంట్లోంచి తీసేసినదాన్ని జనం తెరమీద దాచుకున్నారనిపిస్తుంది నాకు. దేవకన్యలు కాబట్టి చట్టం వర్తించదు. ఎన్‌టీఆర్ కాబట్టి తప్పనిపించదు.

మా నాయనమ్మలిద్దరూ ఆ సినిమాను తర్వాతి ఏడు టూరింగ్ టాకీస్ డేరాలో చూశారు. నేను పుట్టకముందు సంగతే అయినా, వాళ్లు ఎన్నిసార్లు చెప్పుకునేవాళ్లంటే నేనే చూసినట్టుంటుంది. వాళ్లు చెప్పుకునేది పాటల గురించి కాదు, అయిదుగురు ఎన్‌టీఆర్‌లు ఒక్కసారే కనిపించే శివశంకరీ పాట గురించి కూడా కాదు. నలుగురు కోడళ్లూ కలిసి అత్తగారిని పొగిడి, మురిపించి, దాచిన చీర సంపాదించి పైకి ఎగిరిపోతారే, ఆ ఘట్టం గురించి. డేరాలో మగవాళ్లు అయ్యో అన్నారట. చిన్న నాయనమ్మ మాత్రం పెద్దావిడ చెయ్యి పట్టుకుని “అక్కాయ్, పోయారే!” అందట.

ఈ కథ బలం అంతా ఆ ఘట్టంలోనే ఉంది. మొదటిది, నలుగురూ కలిసి వెళతారు. సవతి అంటే పోరే అని మన భాషలో స్థిరపడిపోయింది. సవతులు ఒక పని కలిసి ఆలోచించి, కలిసి చేసి, కలిసి నడవడం మన కథల్లో ఎంత అరుదు! రెండోది, ఆ పెళ్లి ఎలా జరిగిందో కథ దాచదు. వస్తువును దొంగిలించి, వెళ్లే దారి మూసి, ఆ తర్వాత ప్రేమ అన్నారని ప్రేక్షకులకు తెలుసు. గోపికల చీరలను కొమ్మకు తగిలించిన కథ విన్న దేశం కదా, ఈ దొంగతనాన్ని లీల అనుకోవడం మనకు అలవాటు. అయినా దొంగతనం దొంగతనంగానే కథలో మిగిలి ఉంటుంది. చీర దొరికిన రోజున వెళ్లిపోతారు. ఇంత ప్రేమ, ఇంత సంసారం చూపించాక కూడా, అవకాశం వస్తే వెళతారని కథకు తెలుసు.

విచిత్రమేమంటే ఈ కథ జపాన్‌లోనూ ఉంది, చాలా పాతది. 8వ శతాబ్దపు ‘ఫుడోకి’ అనే ప్రాంతీయ చరిత్రల్లోని ఒక కథలో ఎనిమిదిమంది దేవకన్యలు తెల్ల పక్షుల్లా వచ్చి సరస్సులో స్నానమాడతారు. ఒకతను తెల్లకుక్కను పంపి చివరి చెల్లెలి వస్త్రం దొంగిలించి, ఆమెను పెళ్లాడతాడు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు పుట్టాక కూడా వస్త్రం కంటపడగానే ఆమె ఎగిరిపోతుంది. ‘హగొరోమో’ అనే నో నాటకంలో అయితే వస్త్రం దొరికిన జాలరి, ఆమె దుఃఖం చూడలేక తిరిగి ఇచ్చేస్తాడు. ఆమె దాన్ని ధరించి నాట్యం చేస్తూ ఆకాశంలోకి వెళ్లిపోతుంది. ఇచ్చెయ్యడం అనే మాట మన సినిమాలో లేదు.

ఇప్పుడు మా అక్క మనవరాలు అడిగిన ప్రశ్నకు వద్దాం. కొత్త నవలలో దొంగతనం లేదు కదా, అందరూ ఇష్టపడే వచ్చారు కదా? నిజమే. ఆ అమ్మాయిలు కత్తి తిప్పుతారు, మంత్రాలు నేరుస్తారు, ఒకరితో ఒకరు స్నేహంగా ఉంటారు. కొత్తగా ఎవరైనా రావాలంటే పెళ్లికూతుళ్లే సమావేశమై నిర్ణయిస్తారు. హింస లేదు, ఈర్ష్య లేదు. అలసిపోయిన పిల్లలు చదివి నవ్వుకోవడానికి ఇది పనికొస్తుందని ఒప్పుకుంటాను. కానీ చదివేకొద్దీ నాకు ఒకటే వెలితి. ఈ తొమ్మిదిమందిలో ఎవరైనా ఎప్పుడైనా వెళ్లిపోవాలనుకుంటే ఎలా అన్న ప్రశ్న కథలో ఎక్కడా లేదు. వాళ్లు ఎందుకు ఒప్పుకున్నారని కూడా కథ ఆగి అడగదు. అతను మంచివాడు, బలవంతుడు, అంతే. వాళ్లలో ఒక రాకుమారి పన్నెండేళ్ల వయసులో తనంతట తానే పెళ్లి ప్రస్తావన తెస్తుంది! ఆడపిల్లకు కనీసం పద్నాలుగేళ్లయినా నిండాలని 1929లో శారదా చట్టం కోసం కొట్లాడిన నేల మీద పుట్టినదాన్ని, ఆ సమ్మతిని సమ్మతి అని నేను అనుకోలేను. పాత కథలో చీర దాచాడని మనకు తెలుసు కాబట్టి అది వెతుక్కునే అవకాశమన్నా ఉంది. కొత్త కథలో చీర అన్న మాటే తీసేశారు. దాచినట్టు తెలియకపోతే వెతికేదెవరు? మంచితనం ఎక్కువైన ఈ కథలో, నా మటుకు, ఇదే పెద్ద బలహీనత.

పాత కథను కూడా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నలుగురు దేవకన్యలూ ఎందుకు వెళ్లారో ఒక్కరి నోటా వినం. ప్రతాపుడు పైకి వెళ్లి ఇంద్రుడి పరీక్షలు నెగ్గుతాడు, భార్యలు మళ్లీ దక్కుతారు. పరీక్ష పెట్టేది తండ్రి, నెగ్గేది భర్త. మధ్యలో ఆ పిల్లల ఇష్టం ఏమిటని అడిగిన దిక్కులేదు. మన గుంటూరులోనే పుట్టిన ఓల్గా ‘విముక్త’ కథల్లో సీతను శూర్పణఖతో, అహల్యతో, రేణుకతో, ఊర్మిళతో కూర్చోబెట్టి మాట్లాడించారు. జయంతి, నాగిని, వారుణి, మరీచి కూడా అలా కూర్చుని మాట్లాడుకుంటే ఏమనుకునేవాళ్లో మనమింకా రాయలేదు.

ఇంకో లోటు నాకు చెప్పింది ఒక కూలి ఆవిడ. నా చిన్నప్పుడు కల్లంలో చిన్న నాయనమ్మ ఈ సినిమా కథ చెబుతుంటే, కాయలు ఏరుతున్న ఆవిడ పకపకా నవ్వింది. “చీర కోసం అన్నేళ్లు కూచోడమేందమ్మా, ఇంకో చీర కట్టుకుని పోవచ్చుగా?” అంది. ఆమె కులంలో మారుమనువు ఉంది. పడకపోతే పెద్దల్లో పెట్టి తెంచుకుని వెళ్లిపోవచ్చు. రెక్కల కష్టం మీద బతికే ఆడదానికి కష్టాలెన్నున్నా వెళ్లే దారి కొంచెం తెరిచి ఉంది. పరువున్న కుటుంబాలు అని చెప్పుకునే మా ఇళ్లలో ఆ దారి లేదు. దేవలోకపు ఆడవాళ్ల కథలో కూడా కులం ఉందని నాకు తర్వాత ఎప్పటికో అర్థమయింది.

ఆ కూలి ఆవిడ మాటకు పెద్ద నాయనమ్మ చెప్పిన జవాబు నేను మరిచిపోలేదు. “వాళ్లకంటే పైన లోకాలున్నయ్యే, పోయారు. మనకి చీర దొరికినా ఎక్కడికి పోతాం?”

ఆవిడకు చదువు రాదు కానీ విమర్శ అంటే అదే. జయంతికి ఇంద్రలోకం పుట్టిల్లు. నాగినికి నాగలోకం. ఆ కథలో ఆడవాళ్లు వెళ్లగలిగారంటే చీర ఒక్కటే కారణం కాదు, వెళ్లేచోట వాళ్లకు స్థానముంది. నేల మీద ఆడదానికి ఆ లోకం పేరు ఆస్తి. మా తాతయ్య 1971లో పోయినప్పుడు నాయనమ్మలకు 1956 హిందూ వారసత్వ చట్టం వర్తించింది. ఆ చట్టం ప్రకారం భర్త వీలునామా రాయకుండా పోతే, భార్యలు ఎంతమంది ఉన్నా అందరికీ కలిపి ఒకే వాటా. రెండు జీవితాలు, రెండు వైధవ్యాలు, ఒక వాటా. చట్టం వాళ్లిద్దరినీ ఒక మనిషిగా లెక్కపెట్టింది. ఆ వాటా నేలలో వాళ్లు చివరిదాకా మిరప వేశారు. వాళ్లకంటూ ఉన్న లోకం అంతే.

చరిత్రకు కూడా ఒక్కోసారి హాస్యం తెలుసు. తెరమీద చీర దాచిన ఎన్‌టీఆర్ 1983లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ప్రభుత్వమే హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. దేశం మొత్తానికి ఆ మార్పు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. దాచిన చీరల్లో అతి పెద్దదాన్ని ఆయన తిరిగి ఇచ్చారని నేను ఒప్పుకుంటాను. కానీ షరతు ఉంది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు వర్తించదు. నా పెళ్లి 1984 మే నెలలో అయింది.

2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. 2020లో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది, కూతురి హక్కు పుట్టుకతో వచ్చిందేనని. ఈలోగా నేను చేసిన పని చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. నాన్న పోయాక 2011లో తమ్ముడు కాగితాలు తెచ్చాడు. పత్తికి అప్పులయ్యాయి, రెండేళ్లు మిరపకు రేటు లేదు, పొలం తన ఒక్కడి పేర ఉంటేనే బ్యాంకు పని జరుగుతుందన్నాడు. “నీకేం తక్కువక్కా” అన్నాడు. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల పత్రం మీద నవ్వుతూ సంతకం పెట్టాను. తమ్ముడు కొత్త చీర పెట్టాడు. స్త్రీవాద సభల్లో ఆస్తి హక్కుల గురించి అంతకు పదేళ్ల ముందునుంచీ మాట్లాడుతున్నదాన్ని!

అందుకే ఆ జపాన్ నవల నన్ను ఇంతగా గుచ్చుకుంది. బలవంతం లేదు, అందరూ ఒప్పుకున్నారు, అందరూ నవ్వుతున్నారు. నా సంతకం కూడా అలాంటిదే. చీర దాచినవాడి మీద కోపం రావడం తేలిక. దాచిన చిహ్నం కూడా లేకుండా, పుట్టింటి ప్రేమ పేరుతో మన చేత్తో మనమే ఇచ్చేసిన చోట ఎవరిమీద కోపం తెచ్చుకోవాలి?

పిల్లకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. నవల మానెయ్యమని చెప్పలేదు. కాశీమజిలీలు విని మా నాయనమ్మలు చెడిపోలేదు, పైగా అవి వాళ్లిద్దరినీ కలిపాయి. ఒక్కటి మాత్రం అడిగాను, ఆ తొమ్మిదిమందిలో వెళ్లాలనుకున్నవాళ్లకు వెళ్లడానికి ఏ లోకం ఉందో గమనిస్తూ చదవమని. కాసేపు ఆగి, “చిన్నమ్మమ్మా, మా తమ్ముడికి రాస్తున్న పొలంలో నా వాటా ఎంత?” అని అడిగింది.

వాళ్ల నాన్నను అడగమన్నాను. కాగితాలు చూపిస్తేగాని దేనిమీదా సంతకం పెట్టవద్దని కూడా చెప్పాను.